ఆఖరి వక్త

మార్చి 19, బుధవారం

కొత్తగా సంఘంలోకి వచ్చిన కుర్రాళ్ళకి మేం మొదట చెప్పే జాగ్రత్త డైరీ రాయొద్దని. రాసిన ప్రతి పేరూ రేపు పోలీసుల చేతిలో సాక్ష్యం అవుతుందని భయపెడతాం. ఇన్నేళ్ళుగా ఆ పాఠం చెప్పినవాణ్ణి ఇవాళ నేనే కూర్చుని రాస్తున్నాను. మా బోటి వాళ్ళ డైరీ ఇప్పుడు పోలీసులకి కూడా అక్కర్లేదని మనసుకి తెలిసిపోయినట్టుంది.

రాయడానికి కారణం రమణబాబు. వాడి మీద కోపం పార్టీలో ఎవరి దగ్గర వెళ్ళగక్కినా ఐక్యతకి భంగం. మా ఆవిడ హైమ దగ్గర వెళ్ళగక్కితే నవ్వుతుంది. కాగితం నవ్వదు.

నర్సీపట్నం కాలేజీలో మేమిద్దరం ఒకే బెంచీ. ఒకే రాత్రి గోడల మీద నినాదాలు రాసి ఒకే లాకప్పులో పడుకున్నాం. తర్వాత ఎన్నికల్లో పోటీ చెయ్యాలని వాడూ, చెయ్యకూడదని నేనూ. పార్టీ రెండయింది. ఒకే వీధిలో రెండు ఆఫీసులు, మేడే నాడు రెండు ఊరేగింపులు. వాడు రివిజనిస్టు అని మేం అంటాం, నేను అతివాదినని వాళ్ళు అంటారు. పాలగరువు జీడితోట గొడవ వచ్చాక మళ్ళీ కలవక తప్పలేదు. కొయ్యూరు పైన ఆ గిరిజన పల్లెవాళ్ళ తాతలు కొండవాలున వేసుకున్న తోట. దిగువ నుంచి ఒక ఆసామి ఏవో కాగితాలు తెచ్చి తనదంటున్నాడు. అందుకని వాళ్ళూ మేమూ కలిసి ఐక్య వేదిక పెట్టాం. నెలకొకరు కన్వీనరు. ఈ నెల నేను.

ఇరవై ఎనిమిదిన రెవెన్యూ ఆఫీసు దగ్గర ధర్నా. తోటని వెంటనే సర్వే చేసి ఎవరి సాగులో ఉందో తేల్చాలని డిమాండు. దాని మీద ఎవరికీ పేచీ లేదు. పేచీ అంతా చివర ఎవరు మాట్లాడాలని. మా సభల్లో చివర మాట్లాడేవాడే పెద్ద. ముందు మాట్లాడేవాళ్ళు జనం వచ్చేదాకా మైకు కాపలా కాసేవాళ్ళు. సాయంత్రమంతా దాని మీదే గడిచింది. చివరికి కన్వీనరు గనక నేనే అని తేలింది.

రమణబాబు ఒప్పుకున్నాడు. ఒప్పుకుంటూ అన్నాడు, "మాట్లాడు, నాకేటి. పిటిషను ఎలాగూ మా సంఘం పేరునే ఉంది కదా."

అదీ సంగతి. సంక్రాంతి వెళ్ళగానే సర్వే కోసం పిటిషను పెట్టాడు. వేదిక పేరు లేదు, మా పేరు లేదు. అడిగితే "తొందర్లో మర్చిపోయాన్రా" అన్నాడు. వాడు పుట్టి బుద్ధెరిగాక ఏదీ మర్చిపోలేదు.


మార్చి 24, సోమవారం

మధ్యాహ్నం ఫోను వచ్చింది. రెవెన్యూ ఆఫీసు నుంచి ఎవరో అమ్మాయి.

"సోమసుందరం గారేనాండీ? వేదిక కన్వీనరు గారు? పాలగరువు తోట పిటిషను ఉంది కదండీ. శుక్రవారం పొద్దున్న సార్లు, సర్వేయరు గారు తోట దగ్గరికి వస్తారండి. సాగు చేసుకుంటున్న వాళ్ళందర్నీ అక్కడే ఉండమనండి. రమణబాబు గారికి చేస్తే కలవట్లేదండీ. మీరు చెప్పేయండి ప్లీజ్."

సరేనమ్మా అన్నాను. పెట్టేశాక క్యాలెండరు చూశాను. శుక్రవారం అంటే ఇరవై ఎనిమిది. ధర్నా రోజు.

ధర్నా మానెయ్యాలా? కరపత్రాలు పంచేశాం. అనకాపల్లి నుంచి మా జిల్లా నాయకులు బయల్దేరుతున్నారు. ఆఫీసు వాళ్ళు చెప్పిన రోజున ఎప్పుడు వచ్చారు గనక? వస్తారని జనాన్ని కొండ మీద కూర్చోబెడితే, వాళ్ళు రాకపోతే, ధర్నా పోతుంది, సర్వే కూడా పోతుంది. అసలు ఇది ధర్నాని పలచన చెయ్యడానికి వేసిన ఎత్తే కావచ్చు. ప్రభుత్వం ఏది చేసినా దాని వెనక వర్గ ప్రయోజనం ఉంటుందని మనమే చెబుతాం.

ఒకవేళ నిజంగా వచ్చి సర్వే చేసి, తోట గిరిజనులదే అని రాస్తే? అది పోరాట విజయం అనిపించుకోదు. అర్జీ విజయం అనిపించుకుంటుంది. అర్జీలతో పనులవుతాయనే భ్రమని మనమే జనంలో పెంచినట్టవుతుంది.

రేపు రమణబాబుతో చర్చించాలి.


మార్చి 25

రమణబాబు యలమంచిలిలో ఎవరిదో పెళ్ళికి వెళ్ళాడట. వచ్చాక చెబుతాను.


మార్చి 26

వచ్చాడు. టీ కొట్టు దగ్గర కలిశాం. ఊరేగింపులో రెండు జెండాల కర్రలూ ఒకే ఎత్తు ఉండాలన్నాడు. సరే అన్నాను.


మార్చి 27, గురువారం

రామాయమ్మ ఫోను చేసింది. పాలగరువులో సంఘానికి పెద్ద ఆమే. మొగుడు పోయాక తోటలో తన వాటా మీదే ఇద్దరు పిల్లల్ని పెంచింది.

"బాబూ, రేపు ఊరంతా రావాల్నా? జీడిపిక్కలు రాలిపోతన్నాయి. ఇంటికొకలం తోటలో ఉండిపోతే బాగున్ను."

నా నోటిదాకా వచ్చింది. ఉండమ్మా, అందరూ తోటలోనే ఉండండి, రేపు సర్వే వాళ్ళు వస్తున్నారు. అంతే, ఒక్క మాట.

"అందరూ రావాలమ్మా" అన్నాను. "బలం చూపించాలి. ఇలాంటప్పుడు ఇల్లు చూసుకుంటే ఎలా?"

"సరే బాబూ. మీరు అన్నాక మరేటి" అంది.

నేను ఎవరి మీదా కక్షతో ఈ నిర్ణయం తీసుకోలేదు. తీసుకున్నది రాజకీయ నిర్ణయం. ప్రజల బలమే ముఖ్యమన్నది మా పంథా, దాని ప్రకారమే చేశాను. ఇది రాసి పెట్టుకుంటే మంచిది.


మార్చి 28, శుక్రవారం

జయప్రదం. అబీద్ సెంటర్ నుంచి ఆఫీసు దాకా రోడ్డు ఎర్రగా కనిపించింది. పాలగరువు నుంచి నడవగలిగిన వాళ్ళందరూ వచ్చారు. చంటిపిల్లల్ని కూడా ఎత్తుకొచ్చారు. "తోటని సర్వే చెయ్యాలి!" అని ఆ ఆడవాళ్ళు ఎండలో గొంతు చించుకుంటుంటే మా జిల్లా కార్యదర్శి నా భుజం తట్టారు.

వినతిపత్రం ఇవ్వడానికి లోపలికి వెళితే అధికారి లేడు. ఫీల్డుకి వెళ్ళారని అటెండరు చెప్పాడు. బయటికొచ్చి మైకు తీసుకుని, "ప్రజల ముందుకు రావడానికి భయపడి అధికారి పారిపోయాడు" అన్నాను. చప్పట్లు ఆగలేదు. రమణబాబు కూడా కొట్టాడు.

చివర నేనే మాట్లాడాను. చాలాసేపు మాట్లాడాను.

ఎక్కడికి పారిపోయాడో నాకు తెలుసు. ఇది కూడా రాసి పెట్టుకోవాలా?


మార్చి 29

గొంతు పోయింది. హైమ మిరియాల కషాయం ఇచ్చింది.


ఏప్రిల్ 2, బుధవారం

పొద్దున్నే రమణబాబు ఫోను. అరుపులు.

"దొంగదెబ్బ తీశార్రా సోమూ! మనం ధర్నాలో ఉన్న రోజునే తోటకెళ్ళారంట. ఊళ్ళో జొరంతో పడుకున్న గంగులు తప్ప మనిషి లేడు. తోటలో ఆ ఆసామి కాపలావోడు, వాడి కూలీలు. 'సాగుదారులెవరూ హాజరు కాలేదు' అని రాసేశారు. నిన్నటేల నించీ ఆసామి మనుషులే పిక్కలు ఏరుతున్నారు, మనోళ్ళని లోపలికి రానివ్వట్లేదు. మనకి ఒక్క కబురు కూడా చెయ్యలేదు చూశావా?"

నేనేమన్నాను? "అవును. దొంగదెబ్బ" అన్నాను.

అది అన్న గొంతు నాదేనా అని తర్వాత అనుమానం వచ్చింది. అంత మామూలుగా ఉంది.


ఏప్రిల్ 3

ప్రకటన రాశాను. సమాచారం ఇవ్వకుండా సర్వే జరపడాన్ని ఐక్య వేదిక తీవ్రంగా ఖండిస్తోంది. బాధ్యులైన ఉద్యోగుల మీద చర్య తీసుకోవాలి. కింద నా పేరు, ఆ పక్కన రమణబాబు పేరు. ఈసారి నా పేరు ముందు వెయ్యమని వాడే అన్నాడు.


ఏప్రిల్ 4

పేపర్లో జిల్లా పేజీలో వేశారు. నా ఫొటో కూడా. ఇంట్లో పేపరు దాచాను. ఎందుకు దాచానో తెలియదు, హైమ స్కూల్లో చదివే ఉంటుంది.


ఏప్రిల్ 6, ఆదివారం

శ్రీరామనవమి. వీధి చివర పందిట్లో మైకు పొద్దుటినుంచీ హోరెత్తుతోంది. దేవుణ్ణి నమ్మని మా ఇంటికి కూడా పక్కింటివాళ్ళు చెంబుతో పానకం పంపారు. పదకొండు దాటాక రమణబాబు వచ్చాడు. ఎప్పుడూ గుమ్మంలోంచే "ఏరా అతివాదీ" అని అరిచేవాడు, ఇవాళ చెప్పులు విప్పి లోపలికి వచ్చి కూర్చున్నాడు.

"మొన్న సాయంత్రం ఆఫీసుకెళ్ళాను. కబురు ఎందుకు చెయ్యలేదని ఆ కాంట్రాక్టు అమ్మాయి మీద కేకలేశాను. సాయిలక్ష్మి అంట. మన ప్రకటన చూసి మెమో ఇచ్చారంట దానికి. ఏడుస్తూ చెప్పింది, సోమసుందరం గారికి చేశానండీ అని."

నేను పానకం చెంబు వైపు చూస్తూ కూర్చున్నాను.

"చేసిందేటి?"

"చేసింది" అన్నాను.

కొడతాడనుకున్నాను. కొట్టినా బాగుండేది. కాలేజీ రోజుల్లో ఇంతకంటే చిన్న వాటికే కొట్టుకున్నాం. వాడు చేతుల్లో మొహం పెట్టుకున్నాడు. బయట పందిట్లో తలంబ్రాలు మొదలయ్యాయి కాబోలు, మేళం గట్టిగా వాయించారు.

"నా పిటిషను గెలిచేస్తాదని కదూ?" అన్నాడు చివరికి.

అబద్ధం ఆడదామనుకున్నాను. పంథా, భ్రమలు, ప్రజాబలం, అన్నీ నాలుక చివర సిద్ధంగా ఉన్నాయి. వాడి మొహం చూశాక ఒక్కటీ రాలేదు. తల ఊపాను.

"పిటిషన్లో వేదిక పేరు కావాలనే రాయలేదు నేను" అన్నాడు. "గెలిస్తే మా సంఘం గెలిచినట్టు ఉండాలని. నువ్వు అడిగినప్పుడు మర్చిపోయానన్నాను. మర్చిపోలేదురా."

"తెలుసు."

"నీకు తెలుసని నాకూ తెలుసు."

ఇద్దరం నవ్వబోయాం. నవ్వు రాలేదు.

వెళ్ళేముందు చెప్పాడు. ఈ సంగతి బయటపడితే వేదిక ఉండదు, ఆసామి పండగ చేసుకుంటాడు, మీ పార్టీవాళ్ళు నిన్ను బతకనివ్వరు, మా పార్టీవాళ్ళు నన్ను కలిసి పనిచెయ్యనివ్వరు. పదమూడున పాలగరువులో సభ పెడదాం. సమాచార లోపం జరిగిందని ఆత్మవిమర్శ చేసుకుందాం. అప్పీలుకి వెళదాం. "చివర నువ్వే మాట్లాడు" అన్నాడు.

నాకు ఎంత తేలికగా అనిపించిందో రాయడానికి సిగ్గేస్తోంది. వాడు వీధి మలుపు తిరిగేదాకా గుమ్మంలో నిలబడి, లోపలికి వచ్చి ఆ పానకం అంతా తాగేశాను.


ఏప్రిల్ 9

హైమ నాతో మూడు రోజులుగా మాట్లాడలేదు. వంటింట్లోంచి అంతా వినే ఉంటుంది. ఇవాళ అన్నం వడ్డిస్తూ, "కామ్రేడ్ గారూ" అంది. ఆ పిలుపు ఒళ్ళు మండినప్పుడే వస్తుంది.

"సాయిలక్ష్మి నా దగ్గర ఏడో తరగతి చదువుకుంది. తండ్రి లేడు. దాని మెమో సంగతి మీ ఆత్మవిమర్శలో ఉంటుందా?"

"చూస్తాను" అన్నాను.

"మీరు చూడరు. ఇన్నేళ్ళ నించీ నా జీతంతో ఈ ఇల్లు నడుస్తున్నా ఒక్కనాడు బాధపడలేదు. ఈ ఊళ్ళో మా ఆయన అబద్ధం ఆడడని చెప్పుకునేదాన్ని. పేపర్లో మీ ఫొటో చూసి స్టాఫ్ రూములో అందరూ మెచ్చుకుంటుంటే నవ్వుతూ కూర్చున్నాను. ఇప్పుడు రోజూ ఆ రూములోకి ఎలా వెళ్ళను?"

నేను తినలేదు. తను తింది. నా కంచం కూడా తనే తీసింది.


ఏప్రిల్ 11

ఆత్మవిమర్శ రాసుకుంటున్నాను.

'వేదిక నాయకత్వంలో సమాచార మార్పిడికి సంబంధించి దొర్లిన సమష్టి లోపం వల్ల' అని మొదలుపెట్టాను. కొట్టేశాను.

'పోరాట రూపాల పట్ల భిన్న అవగాహనల నేపథ్యంలో' అన్నాను. అదీ కొట్టేశాను. ఎన్ని రాసినా అందులో మనిషి కనపడడు. తప్పు తనంతట తాను నడుచుకుంటూ వచ్చి జరిగిపోయినట్టుంటుంది. ఈ భాషలో నాకు ఇంత ప్రావీణ్యం ఎప్పుడబ్బిందో!

చెప్పేస్తాను. నాకు ఫోను వచ్చింది, నేను దాచాను. రెండు ముక్కలు. బట్టీ పట్టాను.


ఏప్రిల్ 13, ఆదివారం

కొయ్యూరు దాకా బస్సు, అక్కణ్ణించి ఆటో, ఆపైన నడక. దారి పొడుగునా రమణబాబూ నేనూ తోట గురించి తప్ప అన్నీ మాట్లాడుకున్నాం. పల్లె చేరేముందు తోట పక్కనుంచే పోవాలి. జీడిపళ్ళ పుల్లటి వాసన. ఆసామి కూలీలు చెట్ల కింద వంగి పిక్కలు ఏరుతున్నారు. మేం కట్టిన ఎర్రజెండా ఒక కొమ్మకి ఇంకా వేలాడుతోంది. దాన్ని ఎవరూ పీకలేదు. అంత అవసరం కూడా కనపడలేదు కాబోలు.

బడి వరండాలో సభ. జనం మునుపటంత లేరు. కొన్ని కుటుంబాలు కూలికి అదే తోటలోకి వెళ్ళిపోయాయి. తాతలు వేసిన చెట్ల కింద ఆసామికి పిక్కలు ఏరి పెడుతున్నారు. పిల్లలు తినాలి కదా.

రమణబాబు ముందు మాట్లాడాడు. అప్పీలు గురించి, గిరిజన భూముల చట్టం గురించి. బాగా చెప్పాడు. తర్వాత నా వంతు. లేచాను. బట్టీ పట్టిన రెండు ముక్కలు నోట్లో ఉన్నాయి. ఎదురుగా రామాయమ్మ, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని నన్నే చూస్తోంది.

"మిత్రులారా, మన మధ్య సమాచార లోపం జరిగింది. దానికి వేదిక సమష్టిగా..." అన్నాను.

అదే అన్నాను. రెండు రోజులు బట్టీ పట్టింది పోయి, నాలుక తన దారిన తాను పోయింది.

"బాబూ" అంది రామాయమ్మ. "ఆపీసోలు ఫోను చేసినారా, నేదా?"

"అది... వ్యవస్థాపరంగా..."

"చేసినారా నేదా?"

"చేశారు."

"ఎవులికి?"

నా పక్కన రమణబాబు లేచాడు. "నాకు చేశారమ్మా, నా ఫోను కలవలేదు, అందువల్ల..." అంటున్నాడు. వాడు అబద్ధం ఆడట్లేదు. నిజంలో నన్ను దాచుకునేంత చోటు వెతుకుతున్నాడు. వాడి చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాను.

"నాకే చేశారు" అన్నాను. "సోమవారం చేశారు. నేను ఎవరికీ చెప్పలేదు. గురువారం నువ్వు ఫోను చేసి ఇంటికొకరం ఉంటామన్నప్పుడు కూడా చెప్పలేదు. రమణబాబు పిటిషను గెలవకూడదనుకున్నాను."

వెనకనుంచి గంగులు దగ్గాడు.

"తెలుసు" అంది రామాయమ్మ.

నాకు అర్థం కాలేదు.

"ఆ దినమే తెలిసింది. మా గంగులుమావ జొరంతో పడున్నాడు కదా. అందరూ ఏరీ అని ఆపీసోలు అడిగితే, సోమసుందరం బాబు నర్సీపట్నం తీసుకుపోనాడని సెప్పినాడు. అదేటి, ఆయనకే కదా ఫోను చేసినాం అన్నారంట. మేం పొద్దుగూకి తిరిగొచ్చీసరికి మావ గుమ్మంలో కూకుని ఏడుస్తన్నాడు."

"మరి నన్ను అడగలేదేం?"

"మీరు సెప్తారేమోనని సూసినాం. పేపర్లో పడింది, సదివించుకున్నాం. ఆఁ, రేపు సెప్తాడులే అనుకున్నాం. మా మొగోలు నరికేస్తామన్నారు. నానే ఆపినాను. మా పెల్లికి దండలిచ్చినోడు, అలాటోడు కాదులే అన్నాను." ఆమె మోకాళ్ళ మీంచి చేతులు తీసింది. "ఇప్పుడు కూడా నాను అడిగితేనే సెప్పినావు కదేటి."

అవును. అడిగితేనే చెప్పాను. ఇవాళ ఇన్ని మాటలు రాశాను గాని రాయాల్సింది ఆ ఒక్క మాటే.

రామాయమ్మ లేచింది. తనూ మరికొందరూ బుధవారమే ఆఫీసుకి వెళ్ళి వేలిముద్రలు వేసి అర్జీ ఇచ్చి వచ్చారట. ఏ సంఘం పేరూ పెట్టలేదట. తన ఫోను నంబరే ఇచ్చిందట. పదహారున మళ్ళీ వస్తామన్నారట.

"ఆ దినం జెండాలొద్దు" అంది. "మీరిద్దరూ ఒస్తే రండి, ఒద్దనను. ఎనక కూకోండి."

రమణబాబు ఏదో అనబోయాడు. చట్టం గురించే అయ్యుంటుంది. మళ్ళీ తనే ఊరుకున్నాడు.

దిగేటప్పుడు దారిలో గంగులు ఎదురయ్యాడు. నాకు దండం పెట్టే మనిషి, మొహం తిప్పుకుని పక్కనుంచి వెళ్ళిపోయాడు.


ఏప్రిల్ 15, మంగళవారం

ఆఫీసుకి వెళ్ళి, ఆ అమ్మాయి నాకు కబురు చేసిందని, తప్పు నాదని రాసిచ్చాను. పేపరుకీ పంపాను. వేస్తారో లేదో. సాయిలక్ష్మి తల ఎత్తలేదు. కంప్యూటరు చూస్తూ, "హైమ టీచరు గారు బాగున్నారాండీ?" అని మాత్రం అడిగింది.

పార్టీకి కూడా చెప్పాను. జిల్లా కార్యదర్శి చాలాసేపు మాట్లాడి, "ఇది అంతర్గతంగా ఉంచాల్సింది సోమసుందరం గారూ" అన్నారు.

హైమకి చెప్పాను. "ఊఁ" అంది. రేపు పొద్దున్నే వెళ్ళాలంటే బేగి లేపుతానంది.


ఏప్రిల్ 16, బుధవారం

తోటలో ఊరంతా ఉంది. కూలికి వెళ్ళిపోయిన వాళ్ళు కూడా బుట్టలు అక్కడే పెట్టి వచ్చి కలిశారు. ఎవరి చెట్ల దగ్గర వాళ్ళు నిలబడ్డారు. ముసలివాళ్ళు ఏ చెట్టు ఎవరు నాటిందీ చూపిస్తుంటే సర్వేయరు గొలుసు పట్టుకుని వెంట తిరిగాడు. ఆసామి తరఫున ఒక వకీలు వచ్చాడు, తెల్ల చొక్కా చెమటకి తడిసిపోయింది. ఏం రాస్తారో తెలియదు. ఈ ఏటి పిక్కలు మాత్రం పోయినట్టే. అవి చాలావరకు ఇప్పటికే లారీ ఎక్కాయి.

రమణబాబూ నేనూ వెనకాల ఒక చెట్టు కింద కూర్చున్నాం. ఎర్రకండువాలు ఇంటి దగ్గరే వదిలేశాం. పొద్దుటినుంచీ ఒక్క మాట మాట్లాడలేదు. పెద్ద కష్టంగా లేదు.

అంతా అయ్యాక, కాగితాలు సర్దుకుంటూ అధికారి తలెత్తి అడిగాడు. "మీ తరఫున చివరగా ఏమైనా చెప్పాలా? నాయకులు ఎవరండీ?"

రమణబాబూ నేనూ ఒకేసారి లేవబోయాం.

రామాయమ్మ వెనక్కి తిరిగి చూసింది. ఇద్దరం కూర్చున్నాం.